విసిరే చేయి, ఎదిగే ఎముక: పిల్లల మోచేతి నొప్పులపై పాఠకుల ప్రశ్నలు

ఆటల గాయాలపై నడుస్తున్న ఈ శీర్షికకు బెంగళూరులోని తెలుగు పాఠకుల నుంచి ఈసారి వచ్చిన ఉత్తరాలలో ఎక్కువ భాగం పిల్లల మోచేతి నొప్పుల గురించే ఉన్నాయి. ప్రశ్నలు వేర్వేరుగా కనిపించినా వాటి మూలం ఒకటే కాబట్టి, ఈ సంచికలోని పుటలన్నీ ఆ ఒక్క విషయానికే కేటాయిస్తున్నాము. ఉత్తరాలు రాసినవారి పేర్లు ప్రచురించడం లేదు.

ప్రశ్న: మాది గుంటూరు, పదేళ్లుగా మారతహళ్లిలో ఉంటున్నాము. మా అబ్బాయికి 12 ఏళ్లు. మూడేళ్లుగా క్రికెట్ అకాడమీకి వెళ్తున్నాడు. వికెట్ కీపింగ్ చేస్తాడు, బౌండరీ దగ్గర ఫీల్డింగ్ కూడా చేస్తాడు. రెండు నెలలుగా కుడి మోచేయి లోపలి వైపు నొప్పి అంటున్నాడు. ఎక్స్‌రే తీయిస్తే ఎముక బాగానే ఉందన్నారు. ఎదిగే వయసులో ఇలాంటివి మామూలేనని, ఆడుతూ ఉంటే సర్దుకుంటుందని కోచ్ గారు అంటున్నారు. మేము మోచేతికి పట్టీ వేసి పంపుతున్నాము. వచ్చే నెలలో అండర్-14 సెలెక్షన్స్ ఉన్నాయి. ఆపించాలా, ఆడనివ్వాలా?
— ఒక తల్లి, మారతహళ్లి

జవాబు: అమ్మా, బంతి విసరడం ఈ రోజే ఆపించండి. ఆట మొత్తం మాన్పించనక్కరలేదు. ఈ రెండు మాటలకూ కారణం వివరంగా చెబుతాను, ఎందుకంటే కారణం తెలిస్తేనే రేపు కోచ్ గారితో మీరు ధైర్యంగా మాట్లాడగలుగుతారు.

పన్నెండేళ్ల పిల్లవాడి మోచేయి పెద్దవారి మోచేతి కంటే పరిమాణంలోనే కాదు, నిర్మాణంలో కూడా వేరుగా ఉంటుంది. పుట్టినప్పుడు మోచేతి దగ్గర ఎముకల చివరలు మృదులాస్థిగానే ఉంటాయి. ఆ తరువాత మొదటి ఏడు మొదలుకొని పదకొండో ఏడు దాకా, కొంచెం అటూ ఇటూగా, ఆరు చోట్ల ఒకదాని వెనుక ఒకటిగా ఎముక కేంద్రాలు ఏర్పడి, కౌమారంలో ప్రధాన ఎముకతో కలిసిపోతాయి. మోచేయి లోపలి వైపు తడిమితే తగిలే గట్టి బుడిపె వీటిలో ఒకటి. మగపిల్లలలో అది సుమారు 15 నుంచి 17 ఏళ్ల మధ్య గాని పూర్తిగా కలవదు. అప్పటి దాకా ఆ బుడిపెకూ ఎముకకూ నడుమ గ్రోత్ ప్లేట్ అనే మెత్తని ఎదుగుదల పొర ఉంటుంది. మణికట్టును కిందికి వంచే కండరాలూ, మోచేయి పక్కకు తెరుచుకోకుండా పట్టి ఉంచే లిగమెంటూ ఆ బుడిపెనే ఆధారం చేసుకొని ఉంటాయి.

ఇప్పుడు బౌండరీ నుంచి కీపర్ చేతికి బంతి విసిరే క్షణాన్ని గమనించండి. భుజం, మొండెం ముందుకు దూసుకువస్తుండగా ముంజేయి ఒక్క క్షణం వెనుకబడుతుంది. ఆ వెనుకబాటు వల్ల మోచేయి లోపలి వైపు సాగుతుంది, బయటి వైపు ఎముకలు ఒకదానినొకటి నొక్కుకుంటాయి, వెనుక వైపు ఎముక కొన తన గాడిలో ఒరుసుకుంటుంది. పెద్దవారిలో ఈ సాగుడుకు ముందుగా దెబ్బతినేది లిగమెంటు. పిల్లలలో లిగమెంటు కంటే ఎదుగుదల పొరే బలహీనమైనది కాబట్టి దెబ్బ దానికే తగులుతుంది. ఇంకా ఆరని సిమెంటులో పాతిన కొక్కానికి రోజూ బరువు తగిలించినట్లు ఆ బుడిపె ప్రతి త్రోకూ కొంచెం కొంచెంగా లాగబడుతుంది. ఒకటి రెండు రోజుల విశ్రాంతి దొరికితే శరీరం దానిని సరిదిద్దుకోగలదు. ఆ వ్యవధి లేనప్పుడు నొప్పి మొదలవుతుంది. బేస్‌బాల్ ఆడే పిల్లలలో ఈ పరిస్థితికి 1960లోనే అమెరికా వైద్యులు లిటిల్ లీగర్స్ ఎల్బో అని పేరు పెట్టారు. మనకు బేస్‌బాల్ లేకపోయినా, త్రో ఉంది.

ఎక్స్‌రేలో ఏమీ కనబడలేదన్న మాట నన్ను ఆశ్చర్యపరచలేదు. తొలి దశలో ఎక్స్‌రే మామూలుగానే ఉండవచ్చు. ఎదుగుదల పొర కొద్దిగా వెడల్పయిన సంగతి రెండవ మోచేతి ఎక్స్‌రేను పక్కన పెట్టి పోల్చితే గాని తెలియదు; అందువల్ల ఈసారి రెండు చేతులకూ తీయమని అడగండి. అంతకంటే ముఖ్యమైన పరీక్షకు యంత్రం అవసరం లేదు: ఆ బుడిపెపై వేలితో నొక్కితే నొప్పి, త్రో చేసే చేతిలోనే నొప్పి, విసిరినప్పుడు పెరిగి ఆపినప్పుడు తగ్గే నొప్పి, ఈ మూడూ కలిస్తే రోగనిర్ధారణ చాలా వరకు పూర్తయినట్లే. ఎమ్మారై అందరికీ అవసరం లేదు. అయితే ఏదో ఒక త్రోలో టప్‌మని శబ్దం వచ్చి, వెంటనే వాచి, చేయి కదపలేని స్థితి ఏర్పడితే బుడిపె ఊడి వచ్చి ఉండవచ్చు. అప్పుడు ఆలస్యం చేయకుండా అదే రోజు ఎముకల వైద్యుడికి చూపించాలి. బెంగళూరులో జయనగర్ వైపున ఉన్న సంజయ్ గాంధీ ట్రామా, ఎముకల సంస్థ ప్రభుత్వ సంస్థే కాబట్టి ఖర్చుకు భయపడి వాయిదా వేసుకోవలసిన పని లేదు.

మీరు వేస్తున్న పట్టీ పెద్దవారికి మోచేయి బయటి వైపు వచ్చే టెన్నిస్ ఎల్బో అనే నొప్పికి ఉద్దేశించినది అయి ఉంటుంది. అది ఎదుగుదల పొరపై పడే లాగుడును ఆపలేదు. పైగా పట్టీ ఉందన్న ధైర్యంతో పిల్లవాడు ఇంకా గట్టిగా విసురుతాడు. నొప్పి మాత్ర వేసి మైదానానికి పంపడం అంతకంటే హానికరం. ఈ విషయంలో నేను మెతకగా మాట్లాడలేను: నొప్పి తెలియకుండా విసరగలగడం ఈ గాయంలో పిల్లవాడికి జరగగల అన్యాయాలలో పెద్దది.

చికిత్స సరళమైనదే, ఓపిక మాత్రం కావాలి. కనీసం 4 నుంచి 6 వారాల పాటు పూర్తిగా త్రో మానాలి. బుడిపెను నొక్కినా నొప్పి లేకుండా, చేయి రెండవ చేతితో సమానంగా చాచగలిగి, ముడవగలిగిన తరువాతే మళ్లీ మొదలుపెట్టాలి. మొదట కొద్ది దూరం, తక్కువ వేగం, రోజు విడిచి రోజు. ఆ తరువాత వారం వారం కొంచెం దూరం పెంచుకుంటూ పోవాలి. నొప్పి తిరిగి వస్తే అంతకు మునుపటి మెట్టుకు దిగాలి. మొదటి రోజు నుంచి మునుపటి త్రోకు చేరేసరికి చాలా మందికి దాదాపు మూడు నెలలు పడుతుంది. ఈలోగా పరుగు, కాళ్ల వ్యాయామాలు, నడుము, పొట్ట కండరాలను బలపరిచే సాధన అన్నీ చేయవచ్చు. మొదటి నొప్పి తగ్గాక, చేతిలో బాధ లేనంత వరకు బ్యాటింగ్ కూడా చేయవచ్చు. కీపింగ్‌లో పట్టడం వల్ల హాని లేదు కానీ, పట్టిన ప్రతి బంతినీ తిరిగి విసరవలసిందే కనుక మరొకరు పక్కన నిలబడి అందుకోవాలి.

ఇక సెలెక్షన్స్. 12 ఏళ్ల పిల్లవాడికి అండర్-14 లో ఇంకా సమయం ఉంది. ఆ రోజు బ్యాటింగ్ మాత్రమే చూడమని సెలెక్టర్లను మర్యాదగా అడగడంలో తప్పు లేదు. వారు ఒప్పుకోకపోతే ఈ ఏడాది వదులుకోండి. ఎదుగుదల పొర మూసుకుపోయాక ఈ నొప్పి మళ్లీ రాదు. కానీ దానిని నిర్లక్ష్యం చేసినందువల్ల బుడిపె పక్కకు జరిగి అతుక్కుంటే ఆ చేయి జీవితాంతం అలాగే ఉంటుంది.

ప్రశ్న: నాకు 13 ఏళ్లు. ఎడమ చేత్తో ఆడతాను. నా మోచేయి పూర్తిగా చాపలేకపోతున్నాను. బయటి వైపు నొప్పి. రెండుసార్లు మధ్యలో పట్టేసింది, విదిలిస్తే వదిలింది. ఇంట్లో చెప్పలేదు. చెబితే నాన్న అకాడమీ మాన్పిస్తారు. ఏ ఎక్సర్‌సైజ్ చేస్తే పోతుంది?
— ఒక విద్యార్థి, బొమ్మనహళ్లి

జవాబు: బాబూ, నువ్వు రాసిన నాలుగు ముక్కలూ చాలా స్పష్టంగా ఉన్నాయి; వైద్యుడికి కూడా ఇలాగే చెప్పు. ఇది ఏ ఎక్సర్‌సైజ్‌తోనూ పోయే నొప్పి కాదు. ఈ పేజీని ఈ రోజే అమ్మకు గాని నాన్నకు గాని చూపించు. ఇక్కడి నుంచి మిగతాది వారి కోసం రాస్తున్నాను.

మీ అబ్బాయి దాచిపెట్టింది ఆట మీద ఇష్టంతోనే కాబట్టి, దయచేసి కోప్పడకండి. బయటి వైపు నొప్పి, చేయి పూర్తిగా చాచలేకపోవడం, మధ్యలో పట్టేయడం, ఈ మూడూ కలిసినప్పుడు ముందుగా అనుమానించవలసింది మోచేయి బయటి భాగంలో ఎముకల నొక్కుడు వల్ల కలిగే గాయాన్ని. పైన లోపలి వైపు సాగుడు గురించి రాశాను. ఇది దానికి రెండో వైపు. పదే పదే పడే ఒత్తిడికి అక్కడి ఎముకకు రక్తప్రసరణ తగ్గి, పైనున్న మృదులాస్థితో సహా ఒక చిన్న ముక్క పట్టు కోల్పోతుంది. ఆస్టియోకాండ్రైటిస్ డిసెకాన్స్ అనే ఈ జబ్బు ఎక్కువగా 11 నుంచి 16 ఏళ్ల మధ్య, విసిరే చేతిలోనే వస్తుంది. పదేళ్లలోపు పిల్లలలో దీనిని పోలినదే పానర్స్ వ్యాధి అని మరొకటి ఉంది. అది విశ్రాంతితో దానంతట అదే నయమవుతుంది. పదమూడేళ్ల వాడి విషయంలో అలా ఊరుకోలేము.

మామూలు ఎక్స్‌రేలో ఈ గాయం తప్పించుకోవచ్చు. మోచేతిని 45 డిగ్రీలు వంచి తీసే ఎక్స్‌రేలో మెరుగ్గా కనబడుతుంది. ముక్క కదులుతోందా, నిలకడగా ఉందా అన్నది తేల్చడానికి ఈ సందర్భంలో ఎమ్మారై తప్పనిసరి. ముక్క నిలకడగా ఉండి, ఎదుగుదల పొర ఇంకా తెరిచి ఉంటే, ఆటకు మూడు నుంచి ఆరు నెలలు దూరంగా ఉంచడంతోనే చాలా మంది కోలుకుంటారు. ముక్క ఊడిపోయి కీలులో తిరుగుతూ ఉంటే, కీలులోకి సన్నని కెమెరా గొట్టం పంపి (ఆర్త్రోస్కోపీ) దానిని తీసివేయడమో, తిరిగి బిగించడమో, కొత్త మృదులాస్థి పెరిగేలా ఎముకకు సన్నని రంధ్రాలు చేయడమో అవసరమవుతుంది. చేయి రెండుసార్లు పట్టేసిందని అతడు రాశాడు కాబట్టి ఈ వారంలోనే చూపించండి. ఈ శీర్షికలోని ఉత్తరాలన్నిటిలో నన్ను కలవరపెట్టినది ఇదే.

ప్రశ్న: 2025 జూలైలో కంఠీరవ స్టేడియంలో జరిగిన నీరజ్ చోప్రా క్లాసిక్ జావెలిన్ పోటీ చూశాక మా అమ్మాయి జావెలిన్ పట్టుకుంది. ఇప్పుడు 14 ఏళ్లు, బాగా విసురుతోందని అంటున్నారు. నీరజ్‌కే మోచేతికి ఆపరేషన్ అయిందని చదివాక భయంగా ఉంది. ఈ ఆట ఆడనివ్వవచ్చా?
— ఒక తండ్రి, కె.ఆర్. పురం

జవాబు: నిస్సంకోచంగా ఆడనివ్వండి. నీరజ్ ఉదాహరణలోనే మీ భయానికి మందు ఉంది. 2019 మే నెలలో ఆయన మోచేతికి శస్త్రచికిత్స జరిగింది. ఆ ఏడాది దోహాలో ప్రపంచ ఛాంపియన్‌షిప్‌ను వదులుకున్నారు. 2020 జనవరిలో దక్షిణాఫ్రికాలో 87.86 మీటర్లు విసిరి టోక్యో ఒలింపిక్స్‌కు అర్హత సాధించి, 2021 ఆగస్టు 7న 87.58 మీటర్లతో స్వర్ణం గెలిచారు. మీరు చూసిన కంఠీరవ పోటీలో కూడా 86.18 మీటర్లతో ఆయనే మొదట నిలిచారు. మధ్యలో ఆగిన ఆ నెలలకు ఉన్న విలువను పిల్లలకు చెప్పడం మనం మరిచిపోతున్నాము.

మీ అమ్మాయి విషయంలో గమనించవలసినవి కొన్ని ఉన్నాయి. ఆడపిల్లలలో ఎదుగుదల పొరలు మగపిల్లల కంటే ఒకటి రెండేళ్లు ముందుగా మూసుకుంటాయి కనుక, 14 ఏళ్లకు ఆ దశ దగ్గర పడి ఉండవచ్చు. అప్పటి నుంచి భారం లిగమెంటు మీదికి మారుతుంది. జావెలిన్ బరువు వయసుకు తగినదే ఉండాలి. అండర్-18 బాలికలకు 500 గ్రాములు, మహిళలకు 600 గ్రాములు. బలం వస్తుందని చెప్పి ఇప్పుడే 600 గ్రాములు ఇవ్వడం తగదు. విసిరేటప్పుడు మోచేయి భుజం కంటే కిందికి జారి, చేయి పక్క నుంచి చుట్టుకుని వస్తే మోచేయి లోపలి వైపు లాగుడు బాగా పెరుగుతుంది. పిల్లలు మొదట అలాగే విసురుతారు, అలసిన తరువాత పెద్దవారు కూడా అలాగే విసురుతారు. జావెలిన్‌కు వేగం పరుగు నుంచి, ముందు కాలు గట్టిగా ఆనించి నిలవడం నుంచి, నడుము తిప్పడం నుంచి రావాలి. అవి బలహీనంగా ఉన్నప్పుడు ఆ లోటును చేయి భర్తీ చేయబోయి దెబ్బతింటుంది. అందువల్ల మంచి కోచ్ ఈ వయసులో పూర్తి శక్తితో విసిరే త్రోలను కొద్దిగా ఉంచి, పరుగుకూ, గెంతులకూ, రెండు చేతులతో మెడిసిన్ బాల్ (వ్యాయామానికి వాడే పెద్ద బంతి) విసరడానికీ ఎక్కువ సమయం కేటాయిస్తారు. మీరు ఎంచుకునే కోచ్ అలాంటివారో కాదో వెళ్లి చూడండి. చిటికెన వేలు, ఉంగరపు వేలు తిమ్మిరెక్కుతున్నాయని అమ్మాయి ఎప్పుడైనా అంటే అది మోచేయి వెనుకగా వెళ్లే నరం ఇచ్చే హెచ్చరిక. అప్పుడు వెంటనే చూపించాలి.

ప్రశ్న: నా మనవడికి విసిరే చేయి నొప్పి. పుత్తూరు తీసుకువెళ్లి కట్టు కట్టిద్దామని నేను, ఇంజెక్షన్ వేయిద్దామని మా అల్లుడు అంటున్నాము. ఎవరిది సరి?
— ఒక తాతగారు, మల్లేశ్వరం

జవాబు: అయ్యా, పుత్తూరు కట్టుపై మన ప్రాంతంవారికి తరతరాలుగా ఉన్న నమ్మకాన్ని నేను తక్కువ చేయను. కానీ మీ మనవడిది విరిగిన ఎముక కాదు, తొలగిన కీలు కాదు. విశ్రాంతి లేక నలిగిన ఎదుగుదల పొర. దానికి కట్టుతో పని లేదు. శరీరంలోని కీళ్లలో మోచేయి చాలా త్వరగా బిగుసుకుపోయేది కాబట్టి, అవసరం లేకుండా వారాల తరబడి కట్టి ఉంచితే వంగడం, చాచడం తగ్గిపోతాయి. దెబ్బతిన్న మోచేతికి నూనె పట్టించి గట్టిగా మర్దన చేస్తే కండరంలో ఎముక పేరుకునే ప్రమాదం కూడా ఉంది. అల్లుడుగారి మాట కూడా సరికాదు: ఎదిగే పిల్లల మోచేతిలో, ఈ కారణంగా వచ్చిన నొప్పికి స్టెరాయిడ్ ఇంజెక్షన్ వేయకూడదు. పాలు, గుడ్లు, పప్పు బాగా పెట్టండి. విటమిన్ డి తక్కువగా ఉంటే వైద్యుడు చెప్పిన మేరకు ఇవ్వండి. రోజూ తొమ్మిది గంటల నిద్ర పట్టేలా చూడండి. ఈ మూడింటిలో తాతగారు చేయగలిగినది చాలా ఉంది.

ప్రశ్న: యలహంక దగ్గర చిన్న అకాడమీ నడుపుతున్నాను. మా దగ్గర 9 నుంచి 15 ఏళ్ల పిల్లలు ఉన్నారు. బౌలర్లు వేసే బంతులు లెక్కపెడతాము. త్రోలకు కూడా లెక్క పెట్టాలా? పెడితే ఎన్ని?
— ఒక కోచ్, యలహంక

జవాబు: మాస్టారూ, పెట్టాలి. పై ఉత్తరాలన్నిటికీ ముందే జవాబు చెప్పగలిగినవారు మీరే. క్రికెట్‌లో చేయి చాచి వేసే బౌలింగ్ ఫాస్ట్ బౌలర్ల నడుముపై ఎక్కువ భారం వేస్తుంది, మోచేతిపై తక్కువ. మోచేతిని నలిపేది త్రో. మన మైదానాలలో ఆరు ఓవర్లు వేసిన కుర్రాడిని ఫైన్ లెగ్ బౌండరీకి పంపి, ఆ తరువాత అరగంట ఫీల్డింగ్ డ్రిల్‌లో నిలబెడతారు. ఓవర్లు నోట్‌బుక్‌లోకి ఎక్కుతాయి, త్రోలు ఎక్కవు.

లెక్కకు ఆధారం కావాలంటే బేస్‌బాల్‌ను చూడాలి. అమెరికాలో మేజర్ లీగ్, యూఎస్ఏ బేస్‌బాల్ అనే సంస్థలు కలిసి రూపొందించిన మార్గదర్శకాల ప్రకారం పిచర్, అంటే బ్యాటర్‌కు బంతి విసిరే ఆటగాడు, ఒక రోజులో వేయదగిన బంతుల గరిష్ఠ సంఖ్య 9-10 ఏళ్లకు 75, 11-12 ఏళ్లకు 85, 13-14 ఏళ్లకు 95. అంతకంటే ముఖ్యమైనది విశ్రాంతి పట్టిక: 14 ఏళ్లలోపు పిల్లవాడు 21 నుంచి 35 దాకా వేస్తే ఒక రోజు, 66 లేదా అంతకు మించి వేస్తే నాలుగు రోజులు విరామం. ఏడాదిలో నాలుగు నెలలు విసరకుండా ఉండాలని, అందులో రెండు మూడు నెలలు వరుసగా ఉండాలని కూడా అవి చెబుతాయి. ఇవి నిర్ణీత దూరంలో చేసే పిచింగ్‌కు పెట్టిన అంకెలు, బౌండరీ త్రోకు కాదు; కాబట్టి వీటిని లక్ష్యాలుగా తీసుకోకండి. నా అభిప్రాయంలో 12 ఏళ్లలోపువారికి ఒక సాధనలో పూర్తి బలంతో విసిరే దూరపు త్రోలు 25 దాటకూడదు, వరుసగా రెండు రోజులు ఉండకూడదు. మిగిలిన ఫీల్డింగ్ సాధనను పట్టడం, అండర్ ఆర్మ్, దగ్గరి త్రోలతో చేయించవచ్చు.

అంకె కంటే అలసట పెద్ద ప్రమాదం. 2006లో అమెరికాలో వెలువడిన ఒక అధ్యయనం, భుజానికో మోచేతికో శస్త్రచికిత్స జరిగిన యువ పిచర్లను గాయం లేనివారితో పోల్చింది. చేయి అలసిపోయాక కూడా తరచూ వేసినవారికి ఆ ప్రమాదం 36 రెట్లు ఎక్కువని, ఏడాదిలో 8 నెలలకు మించి పోటీలలో వేసినవారికి 5 రెట్లు ఎక్కువని తేలింది. బెంగళూరు వాతావరణం ఏడాది పొడవునా ఆడనిస్తుంది. లీగ్ మ్యాచ్‌లు ముగియగానే ఏప్రిల్, మే నెలల్లో సమ్మర్ క్యాంప్ మొదలవుతుంది. ఆ విరామాన్ని వాతావరణం ఇవ్వదు కాబట్టి మీరే ఇవ్వాలి. ఒకే పిల్లవాడు పాఠశాల జట్టుకూ, మీ అకాడమీకీ, అపార్ట్‌మెంట్ జట్టుకూ ఆడుతుంటే మూడు చోట్ల త్రోలనూ కలిపి చూడాలి; అందుకు ఆ లెక్క పుస్తకం పిల్లవాడి సంచిలోనే ఉండడం మేలు.

అలసటను కళ్లతో పట్టుకోవచ్చు. మోచేయి కిందికి జారుతుంది, త్రో పక్కవాటంగా వస్తుంది, బంతి కీపర్‌కు అడుగు ముందే నేలను తాకుతుంది, పిల్లవాడు విసిరిన తరువాత చేయి దులుపుకుంటాడు. ఇవి కనబడితే లెక్క ఎంత ఉన్నా ఆ రోజుకు త్రో ముగిసినట్లే. అలా ఆపినందుకు జట్టులో స్థానం పోదని పిల్లలందరి ముందూ చెప్పండి. చెప్పకపోతే వారు దాస్తారు. బొమ్మనహళ్లి నుంచి ఉత్తరం రాసిన కుర్రాడు దాచింది ఆట పోతుందన్న భయంతోనే.

బంతి విషయం కూడా చూడండి. క్రికెట్ నియమాల ప్రకారం పురుషుల బంతి 155.9 నుంచి 163 గ్రాములు; 13 ఏళ్లలోపువారికి 133 నుంచి 144 గ్రాములు. చాలా అకాడమీలలో తొమ్మిదేళ్ల పిల్లలు కూడా పెద్ద బంతితోనే సాధన చేయడం చూస్తున్నాను. వాన పడినప్పుడు తడిసిన బంతి ఇంకా బరువెక్కుతుంది. త్రో వేగం పెరగడానికి బరువు బంతులతో విసిరించే పద్ధతి ఎదుగుదల పొరలు మూసుకునే దాకా వద్దు. వచ్చే క్యాంప్‌కు చిన్న బంతులు ఒక పెట్టె తెప్పించి, 13 ఏళ్లలోపువారి డ్రిల్స్ అన్నీ వాటితోనే చేయించండి.